హరేలీనాటి కొబ్బరికాయ

"ఏయ్ హిప్పీ! హటో, హటో! గోడ తడి!"

హిప్పీ ఎవరా అని గురునాథం వెనక్కి తిరిగి చూశాడు. రాయపూర్ తెలీబంధా చెరువు మీంచి వస్తున్న గాలి తప్ప ఆ సందులో మరెవరూ లేరు. అప్పుడు గాని తెలిసిరాలేదు, ఆ మాట తననేనని. రైల్లో పెరిగిన గడ్డం, వీపు మీద తన ఎత్తులో సగముండే కాన్వాసు సంచి, చంకలో చుట్టిన దుప్పటి. ఆ సంచి ఆనిన చోట, సుద్దమట్టితో అప్పుడే అలికిన తెల్లటి గోడ మీద, గుమ్మడికాయంత మచ్చ పడింది.

గోడ దగ్గర ఒక అమ్మాయి మోచేతుల దాకా తెల్లగా నిలబడి ఉంది. చేతిలో అలుకుగుడ్డ. అది ఏ క్షణాన్నయినా తన ముఖం మీదికి వచ్చేలా ఉంది.

"చూసుకోలేదండీ" అన్నాడు.

అలుకుగుడ్డ ఆగింది. "తెలుగా?"

"తెలుగే."

"తెలుగైతే ఏటి? తెలుగువాళ్ళ వీపు తగిలితే గోడ పాడవదా?"

గురునాథం మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషి. సంచి దింపి, చొక్కా చేతులు పైకి మడిచి, ఆమె పక్కనున్న మట్టి తట్టలో చెయ్యి పెట్టాడు. మచ్చ మీద మట్టి మెత్తి అరచేత్తో సాపు చేశాడు. వాళ్ళ ఊళ్ళో అలికేది ఎర్రమట్టి. ఇది చేతికి మీగడలా తగులుతోంది.

"ఇది ఏం మట్టండీ?"

"ఛుహీ."

"ఎక్కడ దొరుకుతుంది?"

"మీరెవరో చెప్పకుండా మట్టి ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారేం?" అందామె. నవ్వు ఆపుకుంటోందో, కోపం ఆపుకుంటోందో తెలియలేదు.

ఈలోగా సందు మొదట్లో టీ తాగుతూ వెనకబడ్డ అతని స్నేహితుడు కొండలరావు వచ్చేశాడు. "ఒరే సూరిగా! బయటికి రారా దొంగ సచ్చినోడా!" అని అతను పెట్టిన కేకకి చెరువు గట్టు మీది కొంగలు లేచిపోయాయి.

సూరిబాబు లోపల్నుంచి లుంగీ పైకి కట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని కుస్తీ పట్టినంత పని చేశారు. విశాఖపట్నంలో ఐటీఐ చదివిన రోజుల్లో ఇద్దరిదీ ఒకటే గది. ఇప్పుడు సూరిబాబు రాయపూర్ రైల్వే వ్యాగన్ కార్ఖానాలో ఫిట్టరు. కొండలరావు పలాసలో జీడిపప్పు మిల్లు మెకానిక్కు. గురునాథానికి ఆ మిల్లుకి గింజ వేసే జీడితోట ఉంది. ఏటా గింజలు అమ్ముడైపోగానే గురునాథం, కొండలరావు వీపుకి సంచులు తగిలించుకుని ఏదో ఒక దిక్కుకి బయలుదేరతారు. ఆ ఏడు, అంటే ఎనభై ఏడులో, పూరీ రథయాత్ర చూసుకుని, టిట్లాగఢ్ మీదుగా ఇలా వచ్చారు. ఇక్కడ నాలుగు చోట్లు చూసి, ఆ పైన బస్తరు వెళ్ళాలని వాళ్ళ ఆలోచన.

"ఇది మా చెల్లెలు ఊర్మిళ" అన్నాడు సూరిబాబు. "పుట్టింది, పెరిగింది ఇక్కడే. ఈ ఊరి గురించి నాకు తెలీనివి కూడా దీనికి తెలుసు."

"నమస్తే చెల్లెమ్మా!" అన్నాడు కొండలరావు వెంటనే.

గురునాథం ఏమీ అనలేదు. తడి చేతులు వెనక్కి పెట్టుకుని నవ్వాడంతే. ఆ తర్వాత కూడా ఆమెను పిలవాల్సి వస్తే దగ్గరికి వెళ్ళి దగ్గేవాడు.

సూరిబాబు తల్లి వరహాలమ్మ ఆ పూట అన్నం వడ్డిస్తూ గురునాథాన్ని ఆరా తీసింది. "మీ ఇంటిపేరేటి బాబూ? మీ అమ్మగారిది ఏ ఊరు? తోట ఎంతుంది? అక్కసెల్లెళ్ళున్నారా?" అన్నిటికీ ఒకటీ అరా ముక్కల్లో జవాబులు వచ్చాయి.

"ఈ అబ్బాయి నోట్లో ముత్యాలున్నాయేటి, రాల్తాయని భయమా?" అంది ఆవిడ కూతురితో, వంటింట్లోకి వెళ్ళి. అయినా అవతలికి వినబడింది.

* * *

మర్నాటి నుంచి నలుగురూ ఊరు తిరగడం మొదలుపెట్టారు. సూరిబాబు సెలవు పెట్టాడు. ఊర్మిళ కాలేజీకి వర్షాల సెలవులని చెప్పింది. అటువంటి సెలవులుంటాయని కొండలరావు ఎప్పుడూ వినలేదు గాని, ఊరుకున్నాడు.

పొద్దున్నే గోల్ బజారు సందులో వేడి అటుకుల ఉప్మా మీద జిలేబీ పెట్టుకుని తిన్నారు. "ఉప్మా మీద జిలేబీయా!" అని కొండలరావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత మూడోసారి ఆకు చాపింది కూడా అతనే. బియ్యం మిల్లుల పక్కగా రిక్షాలో వెళ్తుంటే ఉడికిన వడ్ల వాసన వీధి వీధంతా కమ్ముకుంది. శంకర్ నగర్ రోడ్డు మీద వాన పట్టుకుంటే ఒక దర్జీ కొట్టు చూరు కింద నలుగురూ ఒదిగి నిలబడ్డారు. చూరు ఇద్దరికే సరిపోయేది. సూరిబాబు, కొండలరావు ఆ ఇద్దరూ తామేనని తోసుకున్నారు. గురునాథం, ఊర్మిళ తడిశారు.

"మీకు కోపం రాదా?" అందామె, జడ పిండుకుంటూ.

"దేనికండీ?"

"తడిసినందుకు."

"ఇక్కడి వాన చినుకు పెద్దది" అన్నాడు గురునాథం. "మా వైపు గాలితో పక్కనుంచి కొడుతుంది. ఇది నిలువుగా పడుతోంది."

ఊర్మిళ పైకి చూసింది. పుట్టినప్పటి నుంచి ఈ వానలోనే తడుస్తోంది. అది నిలువుగా పడుతుందని ఎవరూ చెప్పలేదు.

అతనికి ప్రతిదీ కావాలి. గంపలో ఉన్న ఆ పుట్టగొడుగుల పేరేమిటి, ఉరిమితేనే పైకొస్తాయా? రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున తింటే ఇక్కడ ఏమంటారు? బాసీ అనా? అయితే మన చద్దన్నమే! చెరువు మధ్యలో ఆ కర్ర దేనికి పాతారు? అడిగేది నాలుగు మాటలు. వినేటప్పుడు మాత్రం కళ్ళు ఇంతింత చేసుకుని వినేవాడు. తను చెప్పేది ఇంత శ్రద్ధగా విన్నవాడు ఆమెకింతవరకు తటస్థపడలేదు. జవాబు తెలియనివి ఊర్మిళ రాత్రి తల్లినడిగి, పొద్దున తెలిసినదానిలా చెప్పేది.

"అరే బాబా, గైడు ఫీజు ఎవరిస్తారు?" అని ఆమె అంటే, "జీడిపప్పు పంపిస్తాను" అన్నాడతను.

"బద్దలా, గుండ్లా?"

"గుండ్లే. ఏరి."

ఆ 'ఏరి' అన్న మాట దగ్గర అతని చూపు ఆమె ముఖం మీద అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపు ఆగింది. ఊర్మిళ రిక్షా ఎక్కుతూ చెప్పు జారవిడుచుకుంది.

* * *

పొరపాటు జరిగింది ఆ సాయంత్రమే.

వరహాలమ్మ పూరీ సంగతులు అడుగుతోంది. గురునాథం సంచిలోంచి చిన్న గుడ్డ మూట తీశాడు. ఎండబెట్టిన అన్నం మెతుకులు, జగన్నాథుడి మహాప్రసాదం. తన తల్లికని దాచి తెచ్చినది. అయినా అడిగిన చోట పెట్టకుండా ఎలా? అందరి చేతుల్లో తలా నాలుగు మెతుకులు పెట్టాడు. సూరిబాబు వాకిట్లో సైకిల్ చైను బిగిస్తున్నాడు.

"చేతులు గ్రీజు గురూ. నోట్లో వెయ్యి."

గురునాథం వేశాడు. సూరిబాబు మోచేత్తో నుదురు తుడుచుకుని, ఏ పుణ్యాన శుభ్రంగా మిగిలిందో గాని చిటికెన వేలితో రెండు మెతుకులు అద్ది, "నువ్వూ తిను మరి!" అని నవ్వుతూ అతని నోట్లో పెట్టాడు.

గుమ్మం దగ్గర దభీమని చప్పుడైంది. కూరల గంప దించి, వెనకవీధి బిసాహిన్ బాయి రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. చెవులకి ఢార్లు, చేతినిండా పచ్చబొట్టు, ముఖం వెలిగిపోతోంది.

"సీతారామ్ మహాప్రసాద్!" అంది గట్టిగా.

వరహాలమ్మ లోపల్నుంచి వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు. సూరిబాబు సైకిలు వదిలేసి లేచాడు. అంతసేపూ నవ్వుతున్నవాడు ఒక్కసారి గుళ్ళో నిలబడినట్టు నిలబడ్డాడు.

"ఏటైంది?" అన్నాడు కొండలరావు.

"ఇక్కడి ఆచారం బాబూ" అంది వరహాలమ్మ. "జగన్నాథుడి ప్రసాదం ఒకరి సేతిది ఒకరు తింటే స్నేహం ముడిపడినట్టే. నేను కొత్తకోడలిగా ఈ ఊరొచ్చినప్పుడు నాకు హిందీ ముక్క రాదు. ఈ మనిషే నాతో ప్రసాదం మార్సుకుంది. అప్పట్నుంచి నేను దాని పేరు పలకను, అది నా పేరు పలకదు. ఇద్దరం మహాప్రసాద్ అనే పిల్సుకుంటాం."

బిసాహిన్ బాయి గబగబా ఏదో చెప్పింది. సూరిబాబు తెలుగు చేశాడు. అనుకోకుండా జరిగింది కనుక దేవుడే జరిపించాడట. అయితే ఇది సగమేనట. కొబ్బరికాయలు మార్చుకుని మాటిచ్చుకుంటేనే పూర్తి. హరేలీ పండుగ ఇంకెంతో దూరం లేదు, ఆ రోజు జరిపిద్దామంటోంది.

"నీకిష్టమేనా గురూ?" అన్నాడు సూరిబాబు, గ్రీజు చేతులు తుడుచుకుంటూ.

గురునాథానికి కొత్తది ఏదైనా చూడాలనే ఉంటుంది. పైగా సూరిబాబు మంచివాడు. "దానికేం? తప్పకుండా" అన్నాడు.

అందరూ సంతోషించారు. ఊర్మిళ మాత్రం లేచి లోపలికి వెళ్ళింది. వంటింట్లో గ్లాసొకటి కిందపడ్డ చప్పుడు వినబడింది.

* * *

ఆ మర్నాటి నుంచి ఆమె మారిపోయింది.

"అన్నయ్యా, టీ." "అన్నయ్యా, మీ తువ్వాలు." మాటలో తప్పు పట్టడానికి లేదు. ముఖంలో మాత్రం అప్పుడే అలికిన గోడలా ఎక్కడా ఒక గీత లేదు. అతను ఏదడిగినా, "మాలూమ్ నహీ" అనేది, తెలీదని.

ఏం తప్పు చేశానా అని గురునాథం రెండు పూటలు ఆలోచించాడు. తేలలేదు.

రాజిమ్ చూడ్డానికి నలుగురూ తెలీబంధా స్టేషన్లో చిన్న రైలెక్కారు. అది బొమ్మ రైలు కన్నా కాస్త పెద్దది, ఎడ్లబండి కన్నా కాస్త వేగం. దారిలో కొండలరావు దిగి, నేరేడు చెట్టు కింద కాయలు ఏరుకుని, నడిచొచ్చి మళ్ళీ అదే పెట్టె ఎక్కాడు. కిటికీ సీటు కోసం అతనూ సూరిబాబూ మైలు మైలుకీ తిట్టుకున్నారు.

"నా సబ్బు అరగదీసిన సన్నాసివి నువ్వు. కిటికీ కూడా కావాలా?" అన్నాడు కొండలరావు.

"అది సబ్బా? పెచ్చు! రుద్దితే చర్మం ఊడొచ్చేది!"

రాజిమ్‌లో వంతెన దాటేసరికి మహానది నిండుగా పోతోంది. మూడు నదులు కలిసే చోట, నీళ్ళ నడుమ, కులేశ్వరుడి గుడి ఓడలా నిలబడి ఉంది. మిగతా ఇద్దరూ పకోడీల వాసన పట్టుకుని పోయారు. ఊర్మిళ రేవు మెట్ల పైన రేకు షెడ్డులో కూర్చుంది. గురునాథం వెళ్ళి దగ్గాడు.

"కూచోండి అన్నయ్యా."

అతను కూచోలేదు. "ఆ గుడికి ఎలా వెళ్తారు?"

"ఎండాకాలం ఇసకలో నడిచి."

"వరదలో కూలిపోదా?"

"మాలూమ్ నహీ అన్నయ్యా."

గురునాథం గులకరాయి ఒకటి తీసి నీళ్ళలోకి విసిరాడు. తర్వాత అన్నాడు: "నన్ను అన్నయ్యా అని పిలవడం ఎందుకు మొదలుపెట్టారు?"

"హరేలీ నాటి నుంచి ఎలాగూ పిలవాలి కదా. నోటికి అలవాటు చేస్తున్నాను."

"ఎందుకు పిలవాలి?"

ఊర్మిళ తిరిగి చూసింది. మొహంలో మొట్టమొదటి గీత పడింది. "మీకు నిజంగా తెలీదా? మహాప్రసాద్ అంటే ఉత్త దోస్తీ అనుకున్నారా? సొంత అన్నదమ్ముల కన్నా ఎక్కువ. వాళ్ళింట్లో చావైతే మనకి మైల. బిసాహిన్ మౌసీ అత్తగారు పోతే మా అమ్మ పది రోజులూ దేవుడి దీపం పెట్టలేదు. కొబ్బరికాయ మార్చుకున్నారంటే మీరు మా అమ్మకి కొడుకు. మా అన్నయ్యకి అన్న. నాకు..." ఆగింది. "ఆ రెండిళ్ళ మధ్య మళ్ళీ ఏ సంబంధమూ ఉండదు. ఎప్పటికీ."

వాన మొదలైంది. రేకు మీద ఆవాలు చిటపటలాడినట్టుంది.

"మరి ఆ సాయంత్రమే చెప్పలేదేం?"

"ఏం చెప్పను?" ఊర్మిళ గొంతు పెరిగింది. "అందరి ముందూ, 'అమ్మా, ఈయన నాకు అన్నయ్య కాకూడదు' అని చెప్పాలా? ఆడపిల్లని! మీరేమో మిఠాయి పెడతానంటే తలూపినట్టు తప్పకుండా అన్నారు. సరే, ఈయన మనసులో ఏమీ లేదు గామోసు అనుకున్నాను. బస్, ఖతమ్."

చెప్పేశాక గాని తను చెప్పింది ఏమిటో ఆమెకు తెలియలేదు. చున్నీతో ముఖం సగం కప్పుకుని గుడికేసి తిరిగింది.

గురునాథం షెడ్డులోకి జరిగాడు. పక్కన కూర్చున్నాడు. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటుంచి.

"ఉంది" అన్నాడు.

"ఏటి?"

"మనసులో. ఉంది."

ఆ మూడు ముక్కల కోసం అతను ఎంత దూరం వెళ్ళి వచ్చాడో చెవులు చూస్తే తెలుస్తోంది. ఎర్రగా ఉన్నాయి. ఊర్మిళ చున్నీ వెనక నవ్వింది. అంతలోనే నవ్వు పోయింది.

"కొబ్బరికాయ మార్చుకోను. ఇవాళే చెప్పేస్తాను" అన్నాడతను.

"చెప్తే మా అన్నయ్య ఏమైపోతాడో తెలుసా? ఈ బస్తీలో ప్రతివాడికీ ఒక మహాప్రసాద్ ఉంటాడు. చిన్నప్పుడు వీడు ఎవరినడిగినా వాళ్ళ పెద్దవాళ్ళు వద్దనేవారు. తెలుగువాళ్ళు, రేపు పెట్టే బేడా సర్దుకుని ఊరెళ్ళిపోతారు, వాళ్ళతో ఏం ముడి అని. ఇన్నేళ్ళకి దొరికాడని కార్ఖానా అంతా చెప్పుకున్నాడు. మీకని కొత్త పంచె కూడా కొన్నాడు. మీరు కాదంటే వాడు మళ్ళీ తలెత్తుకుని తిరగ్గలడా?"

పకోడీల పొట్లంతో ఇద్దరూ వానలో పరుగెత్తుకొస్తున్నారు. సూరిబాబు తన చొక్కా విప్పి పొట్లం మీద కప్పి, తను తడుస్తున్నాడు.

"గురూ! నీకని పచ్చిమిరపకాయవి వేరుగా వేయించాను!" అన్నాడు దూరం నుంచే.

* * *

తిరుగు రైల్లో చెబుదామని గురునాథం నోరు తెరిచాడు. సూరిబాబు మర్నాటి హరేలీ గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. రాత్రి చెబుదామనుకుంటే, సెలవులో ఉన్నా సూరిబాబుని కార్ఖానావాళ్ళు ఆ ఒక్క రాత్రి డ్యూటీకి పిలిపించారు. తెల్లారి అతను ఇంటికొచ్చేసరికి వాకిట్లో చుట్టుపక్కలవాళ్ళు చేరిపోయారు.

హరేలీ. ప్రతి గుమ్మానికీ వేపరెమ్మ గుచ్చి ఉంది. రైతులు నాగళ్ళూ కొడవళ్ళూ కడిగి పూజ చేసే రోజు. సూరిబాబు తన స్పానర్లూ సుత్తీ కడిగి బొట్లు పెట్టి పక్కింటివాళ్ళ కొడవళ్ళ పక్కన పేర్చాడు. పెనం మీద బెల్లం అట్లు. వీధిలో కుర్రాళ్ళు వెదురు మరగాళ్ళ మీద టక్కు టక్కుమని నడుస్తున్నారు. ఇంకో రోజైతే గురునాథం ఆ మరగాళ్ళ కొలత కూడా అడిగి ఉండేవాడు.

రెండు పీటలు. ఎదురెదురుగా ఇద్దరూ. ముందు ఒక్కొక్క కొబ్బరికాయ. బిసాహిన్ బాయి నడుమ కూర్చుని సూరిబాబునడిగింది, ఈ ముడికి ఇష్టమేనా అని.

"ఇష్టమే" అన్నాడు సూరిబాబు. నిద్రలేని కళ్ళు మెరుస్తున్నాయి.

ఆవిడ ఇటు తిరిగింది.

గురునాథం కొబ్బరికాయను చూశాడు. సూరిబాబును చూశాడు. వంటింటి గుమ్మం వైపు చూడలేదు.

"నేనీ కొబ్బరికాయ ఇవ్వలేను సూరిబాబూ."

పెనం మీద అట్టు మాడుతున్న వాసన వచ్చినా ఎవరూ కదల్లేదు.

సూరిబాబు ముఖం నల్లబడింది. "ఏం? వీడు రేపు ఊరెళ్ళిపోయేవాడే కదా అని నువ్వూ అనుకున్నావా?"

"కాదు."

"మరి నాలో ఏం తక్కువ? అందరి ముందూ చెప్పు!"

"నీలో ఏ తక్కువా లేదు. తప్పు నాది. ఈ ముడికి అర్థం తెలుసుకోకుండా తలూపాను. తెలిశాక ముందే నీకు చెప్పాల్సింది, అదీ చెప్పలేకపోయాను." గురునాథం గొంతు సవరించుకున్నాడు. "మీ ఊర్మిళను నేను చెల్లెలనుకోలేను. కొబ్బరికాయ మార్చుకుని, మనసులో అది పెట్టుకుని మీ ఇంట అన్నం తింటే నీకూ ద్రోహం, దేవుడికీ ద్రోహం. నువ్వు కొడితే పడతాను. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతాను. అబద్ధం మాత్రం ఆడలేను."

అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం కొండలరావు పుట్టి బుద్ధెరిగి వినలేదు. నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"కా కహిస్?" అంది బిసాహిన్ బాయి, ఏమన్నాడని.

ఎవరూ నోరు మెదపకపోయేసరికి కొండలరావే తనకొచ్చిన హిందీలో పూనుకున్నాడు. "మౌసీ, యే బోల్తా... ఊర్మిళా బహన్ నహీ. బిల్కుల్ బహన్ నహీ!"

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. వరహాలమ్మ గుమ్మంలో కూలబడింది. బిసాహిన్ బాయి నవ్వలేదు. తన మహాప్రసాద్ కూతురంటే తన కూతురే. వంటింటి వైపు తిరిగి పిలిచింది. ఊర్మిళ వచ్చి నిలబడింది.

"తోర్ మన్ హే కా?" నీ మనసులోనూ ఉందా?

ఊర్మిళ అన్న కేసి చూసింది. అవునంటే అన్న ఓడిపోతాడు. కాదంటే తను. ఆమె కళ్ళు పీటల చుట్టూ తిరిగి, పక్కన గొంతుక్కూచున్న కొండలరావు దగ్గర ఆగాయి. సూరిబాబు ముఖం నల్లబడిన దగ్గర్నుంచి కొండలరావు చెయ్యి అతని వీపు మీదే ఉంది. ఆ సంగతి వాళ్ళిద్దరికీ తెలీదు.

ఊర్మిళ వంగి, గురునాథం ముందున్న కొబ్బరికాయ తీసింది. రెండడుగులు వేసి కొండలరావు ఒళ్ళో పెట్టింది.

"ఇదేటి చెల్లెమ్మా?" అన్నాడతను బెదిరిపోయి.

ఆమె అప్పటికే వంటింట్లో ఉంది.

సూరిబాబు ఆ కొబ్బరికాయను చూశాడు. ఆ తర్వాత దాన్ని పట్టుకున్నవాణ్ణి, ఎప్పుడూ చూడనట్టు చూశాడు.

"వీడా?" అన్నాడు.

"ఏం, నేనైతే ఏం?" కొండలరావుకి రోషం వచ్చింది. "అసలు నన్నెందుకు అడగలేదురా ఇన్నాళ్ళూ?"

"నువ్వు ఉన్నావు కదరా. ఉన్నవాణ్ణి ఎవడడుగుతాడు?"

కొండలరావు చొక్కా అంచుతో ముక్కు తుడుచుకుని, గురునాథాన్ని భుజంతో ఒక్క తోపు తోసి, పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నాకిష్టమే మౌసీ. కానీ ఒక్క మాట. దీని తర్వాత వీణ్ణి తిట్టకూడదా?"

కూడదంది బిసాహిన్ బాయి. తిట్టకూడదు, పేరు పలకకూడదు.

"ఎన్నాళ్ళు?"

"బతికినన్నాళ్ళూ."

"అయితే కాస్త ఆగండి" అని కొండలరావు ముందుకు వంగి సూరిబాబు చెవిలో తిట్లందుకున్నాడు. సబ్బు దగ్గర్నుంచి కిటికీ సీటు దాకా ఒక్కటీ వదల్లేదు. సూరిబాబు ఊరుకుంటాడా? అతను రెండో చెవి పట్టుకుని మొదలుపెట్టాడు. ఇద్దరి ముఖాలూ కందగడ్డలయ్యాయి. వాకిలంతా పడీ పడీ నవ్వింది. మాడిపోయిన అట్టు వైపు చూసే దిక్కు లేదు.

తిట్లు అయిపోయాక కొబ్బరికాయలు చేతులు మారాయి. మెతుకులు నోళ్ళు మారాయి.

"సీతారామ్ మహాప్రసాద్" అన్నాడు కొండలరావు, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు.

"సీతారామ్ మహాప్రసాద్" అన్నాడు సూరిబాబు. కొత్త పంచె తీసి అతని భుజం మీద వేశాడు. ఆ తర్వాత గోడవారగా నిలబడ్డ గురునాథం దగ్గరికొచ్చాడు.

"కోపం పోలేదు" అన్నాడు. "పోవడానికి టైం పడుతుంది. అప్పటిదాకా నిన్ను గురూ అనను." అని, లోపలికి వెళ్తూ వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "అట్లు చల్లారిపోతున్నాయి, రా బావా."

వరహాలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "మొదటి పూటే నీ ఇంటిపేరు ఎందుకడిగాననుకున్నావు బాబూ? నా మనసులోనూ అదే ఉండేది. కొడుకు ముచ్చట చూసి అది చంపుకున్నాను. సెప్పేదేదో ముందే సెప్తే ఈ అట్టు మాడకపోయేది గదా!" ఆ పైన, బిసాహిన్ బాయిని చూపించి అంది: "నాదేముంది? దాన్నడుగు. పిల్లకి పెద్దతల్లి అది."

గురునాథం ఆ ముసలావిడ ముందు వంగి పాదాలకు దణ్ణం పెట్టాడు. ఆవిడ అతని గడ్డం పట్టుకుని పైకెత్తి, ఎండలో నాణ్యం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. బెల్లం అట్టు తుంచి నోట్లో కుక్కింది. అదే అంగీకారమని సూరిబాబు తెలుగు చేయక్కర్లేకపోయింది.

* * *

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. బిసాహిన్ బాయి తప్ప చుట్టుపక్కలవాళ్ళందరూ వెళ్ళిపోయారు. మహాప్రసాదులిద్దరూ మరగాళ్ళెక్కి చెరువు గట్టుకు పోయారు. అరుగు మీద గురునాథం. గుమ్మంలో ఊర్మిళ.

"రేపు మీకు బస్తరు బస్సు కదా?"

"వాళ్ళిద్దరూ వెళ్తారు. నేను పలాస బండెక్కుతాను."

"అదేం? చిత్రకోట జలపాతం చూడాలని ఇంత దూరం వచ్చి?"

"అది ఎక్కడికీ పోదు. మా అమ్మను తీసుకురావాలి."

ఊర్మిళ తలుపు గొళ్ళెం ఆడించింది. "ఆవిడకి హిందీ వచ్చా?"

"రాదు. తెలుగే అంతంత మాత్రం. మా ఇంట్లో ఎవరం పెద్దగా మాట్లాడం."

"అరే రామ్! మరి నేనొచ్చి ఎవరితో మాట్లాడను?"

"నాతో."

"మీరు అడుగుతారు గాని చెప్పరుగా. ఇకమీదట నేనడుగుతాను, మీరు చెప్పాలి. మంజూరా?"

"అడుగు" అన్నాడు గురునాథం. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఇద్దరూ ఒకేసారి గమనించి, ఇద్దరూ వాన కేసి చూశారు.

"జీడిపువ్వు వాసన ఎలా ఉంటుంది?"

అతను ఆలోచించాడు. తోటలో పుట్టి పెరిగినా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. రాత్రి మంచు పట్టాక ఒకలా ఉంటుందని మొదలుపెట్టాడు. ఎండెక్కాక ఇంకోలా ఉంటుందన్నాడు. ఆ వాసనకి వచ్చే తేనెటీగల గురించి, పువ్వు మీద పడే పొగమంచు గురించి, గింజ ముందు పుట్టి పండు తర్వాత ఉబ్బే వింత గురించి చెప్పుకుంటూ పోయాడు. ఊర్మిళ గుమ్మం దిగి అరుగు చివర కూర్చుంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని వింది.

లోపల్నుంచి వరహాలమ్మ గొంతు వినబడింది. "మహాప్రసాద్, విన్నావా? ముత్యాలు రాలిపోతున్నాయి. ఎవరైనా ఏరుకోండే!"